అరవై మూడో బిళ్ల

ఊళ్లో అందరూ దాన్ని మారథాన్ అన్నారు. కాదు. మారథాన్ అంటే నలభై రెండు కిలోమీటర్లు, పైన ఇంకొంచెం. మాది ఇరవై ఒకటి. బ్యానరు రాయించేటప్పుడే ముందు ‘సగం’ అని చేర్చమని, ఆ పరుగు పెట్టిస్తున్న పెద్దాయనకు చెప్పాను. ఆయన గనిలో షిఫ్టు పని చూసే ఓవర్‌మ్యాన్‌గా చేసి రిటైరైనవాడు. "సగం అని రాస్తే మంది గూడ సగమే వస్తరమ్మా" అని నవ్వి, బ్యానరు అట్లాగే కట్టించాడు.

తప్పు మాట ఒకటి కళ్ల ముందు వేలాడుతుంటే నాకు అన్నం సహించదు. అట్లాంటి మనిషిని. ఫిబ్రవరి ఆఖరి ఆదివారం నాడు ఆ పరుగులో జరిగినదాన్ని ఇప్పుడు రాస్తున్నాను. రాయడానికి మూడేళ్లు పట్టింది.

నేను కొత్తగూడెం దగ్గర ఒక బొగ్గుగనిలో దీపాల గదిలో పనిచేశాను. మా దగ్గర గనిని బాయి అంటారు. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల ఒకటి ఉంటుంది. దిగేటప్పుడు కొక్కేలు కొట్టిన పలక మీద నుంచి తన బిళ్ల తీసుకుంటాడు, నేను అతనికి దీపం ఇస్తాను. ఎక్కి వచ్చాక దీపమూ బిళ్లా తెచ్చి ఇస్తాడు. బిళ్లను దాని కొక్కేనికి తగిలిస్తాను. పలక నిండితే బాయిలో మనిషి లేడు. ఒక్క కొక్కెం ఖాళీగా ఉందంటే ఒక మనిషి కింద ఉన్నట్టు. అంతే లెక్క, ఇంకో లెక్క లేదు.

ఆ ఉద్యోగం నాకు నా భర్త పోయాక వచ్చింది. ఆయన చివరి షిఫ్టులో అందరి బిళ్లలూ వచ్చాయి, ఆయనది రాలేదు. నేను అప్పుడు దీపాల గది కిటికీకి ఇవతల, ఆడవాళ్ల మధ్య నిలబడి ఉన్నాను. పలక మీద ఆ ఒక్క కొక్కెం నాకు కనిపిస్తూనే ఉంది. తర్వాత నేను కిటికీకి అవతలి వైపు కూర్చున్నన్నాళ్లూ ముఖం చూడకుండా ఎవరి బిళ్లా తీసుకోలేదు. అలసిపోయిన మనుషులు కదా, ఒకడు స్నానానికి పోతూ తన బిళ్ల దోస్తు చేతికిచ్చి పంపేవాడు. నేను విసిరికొట్టేదాన్ని. "అమ్మా, పక్కనే ఉన్నడు గదా, ఏంది నీ పంచాయితీ" అని వాళ్లు గునిసేవారు. గునిసినా మనిషి వచ్చి కిటికీలో తల పెట్టాల్సిందే.

ఇక పరుగు సంగతి. ఊరి చివర స్కూలు గ్రౌండులో మొదలవుతుంది. రోడ్డు వెంట అయిదు కిలోమీటర్లు పోతే అటవీశాఖ గేటు. గేటు దాటి అడవిలోకి అయిదున్నర కిలోమీటర్లు పోయి, అక్కడ వెనక్కి తిరిగి, వచ్చిన దారినే గ్రౌండుకు తిరిగి రావాలి. గేటు లోపల ఫోను పలకదు. ముందటి ఏడాది లోపల ఎవరు మిగిలారో తెలియక ఖాళీ అడవిలో అంబులెన్సును రెండుసార్లు తిప్పారట. అందుకే పెద్దాయన మా ఇంటికొచ్చి, "నీ పలక తెచ్చి గేటు కాడ పెట్టమ్మా" అని అడిగాడు. పరుగు పిచ్చి నాకు అర్థమయ్యేది కాదు. ఎనిమిది గంటలు భూమి కింద ఒళ్లు హూనం చేసుకుని వచ్చినవాళ్లు మళ్లీ ఉరకడం దేనికి? అయినా పలక అనేసరికి ఒప్పుకున్నాను. నూట పద్దెనిమిది మంది పేర్లిచ్చారు. ప్లైవుడ్ చెక్క మీద అన్ని కొక్కేలు కొట్టించి, రేకు బిళ్లల మీద నంబర్లు వేయించాను. గేటులోకి పోయేవాడు నా దగ్గర బిళ్ల తీసుకుని పోవాలి, బయటికొచ్చేవాడు ఇచ్చి పోవాలి. తొమ్మిది గంటల లోపల బిళ్ల ఇచ్చినవాడికే మెడల్. పలక నిండాక గేటు మూసి అంబులెన్సును పంపేయవచ్చు.

గేటు దగ్గర నాకు తోడు ఒక ఆమెను వేశారు. మా క్వార్టర్ల వెనక లైనులోనే ఇల్లు, ఒక హాస్టల్లో వంటపని. ఆదివారం చర్చి తప్పని మనిషి. ఆ రోజు పదిన్నర ఆరాధనకైనా అందుకుంటానని పాస్టరు గారికి మాటిచ్చి వచ్చిందట, తెల్లచీర మడిచి సంచిలో పెట్టుకుంది. ఆమె భర్త పరుగెత్తుతున్నాడు. నంబరు అరవై మూడు.

"పోయినేడు సగం ఉరికి బండెక్కిండమ్మా," అంది బత్తాయిలు కోస్తూ. "షిఫ్టోళ్లంత ఒక్కటే నవ్వుడు. ఈయేడు మెడల్ తెస్త, మెడల్ తెస్త అని మూడు నెలల సంది నా పాణం తింటుండు."

"రాత్రి డ్యూటీ లేదు గదా?"

కత్తి ఆగింది. "ఉండె. లీవు దొరకలే. బాయి కాడికెల్లి సీదా గ్రౌండుకే పోయిండు."

"నిద్ర లేకుండానా?"

"నేను చెప్తే వింటడా అమ్మా. మీరు చెప్తే విందురేమో బాయోళ్లు."

అప్పటికే తొలి గుంపు రోడ్డు మలుపులో కనిపించింది. చెప్పడానికి సమయం లేకపోయింది. నూట పద్దెనిమిది మందికీ నంబరు చూసి, ముఖం చూసి, బిళ్ల ఇచ్చాను. అరవై మూడు నడిమధ్యలో వచ్చాడు. నలభై అయిదు దాటిన మనిషి, పొట్టి, కనురెప్పల అంచుల్లో ఇంకా బొగ్గు నలుపు ఉంది. నేను బిళ్ల చేతిలో పెడితే, "దీపం ఇయ్యవా అమ్మా?" అని పళ్లన్నీ కనబడేట్టు నవ్వాడు.

"ఓ పెద్దమనిషీ," అని భార్య వెనక నుంచి అరిచింది, "మెడల్ లేకుంటే ఇంటికి రాకు. తలుపు తియ్య!"

"తియ్యకు. కిటికీల నుంచి దుంకుత!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతను చెయ్యి ఊపి టేకు చెట్ల మధ్యకు పోయాడు. ఆకు రాలే కాలం. అడవి అంటే నీడ అనుకుంటారు చూడనివాళ్లు. ఆ నెలలో మా అడవిలో నీడ ఉండదు. కొమ్మలు ఉంటాయి, కింద మోకాలి లోతు ఎండుటాకు ఉంటుంది, నడుమ అంతా ఎండే.

ఏడున్నర దాటాక తిరిగి రావడం మొదలుపెట్టారు. అప్పుడు చూశాను వాళ్లను దగ్గరగా. పోయేటప్పుడు కనబడ్డ మనుషులు కాదు. చెంపల మీద ఉప్పు చారలు కట్టి, పెదాలు తెల్లబడి, గ్లాసు పట్టుకుంటే సగం నీళ్లు గుండె మీద పోసుకునేవారు. ఊరి దవాఖానాలో నర్సుగా చేసే అమ్మాయి పంజాబీ డ్రెస్సు మీద బూట్లతో వచ్చింది, ఎడమ బూటు ముందు భాగం నెత్తురుతో తడిసి ఉంది. "కూసోమ్మా" అంటే, "కూసుంటే లెవ్వను అమ్మమ్మా" అని బిళ్ల నా చేతిలో పెట్టి, బత్తాయి ముక్క నోట్లో కుక్కుకుని, ఇంకా అయిదు కిలోమీటర్లున్న రోడ్డు వైపు తిరిగింది. ఒకాయన కాలువ పక్కన వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, మళ్లీ పరుగందుకున్నాడు. ఎవరూ వాళ్లను తరమడం లేదు. ఆగితే అడిగేవాళ్లూ లేరు. అయినా ఆగడం లేదు. మా ఇంట్లో కుర్చీలోంచి లేవడానికి రెండుసార్లు ఊగే నేను, ఒక్కొక్కరి బిళ్ల తగిలించి, ప్రతిసారీ లేచి నిలబడ్డాను. అందరి వీపుల మీదా మగ్గుతో నీళ్లు పోశాను.

తొమ్మిదికి కొంచెం ముందు, గేటు లోపల వందడుగుల దూరంలో ఒక కుర్రాడు కాలు పట్టేసి పడిపోయాడు. నేనే పోయి పిక్కలు రుద్ది, ఉప్పు కలిపిన నీళ్లు తాగించి, చెయ్యి పట్టి నడిపించుకొచ్చాను. వచ్చేసరికి పలక మీద ఒకే కొక్కెం ఖాళీ. అది ఈ కుర్రాడిదే. తగిలించాను. పలక నిండింది.

"అరవై మూడు ఎప్పుడొచ్చింది?" అని అడిగాను.

"ఇందాకనే," అంది ఆమె, బకెట్లు ఒకదాంట్లో ఒకటి పెడుతూ.

నేను అడిగింది బిళ్ల గురించి. ఆమె చెప్పింది కూడా బిళ్ల గురించే.

పెద్దాయన మోటారుసైకిలు మీద వచ్చి, "నిండిందా అమ్మా?" అన్నాడు. చివరి వరుస నుంచి మొదటి వరుస దాకా వేలు పెట్టి లెక్కచూశాను. "నిండింది," అన్నాను. ఆయన చెయ్యి ఊపాడు. అంబులెన్సు గ్రౌండుకు వెళ్లిపోయింది, ఆ వెనకే ఆయనా పోయాడు. గేటు దగ్గర మేమిద్దరం, నీళ్ల డ్రమ్ములు, తొక్కలు మిగిలాం. మమ్మల్ని తీసుకుపోవడానికి ట్రాలీ రావాలి.

సామాను సర్దుతూ చూస్తున్నాను, ఆమె మాటిమాటికీ అడవి వైపు చూస్తోంది. బత్తాయి తొక్కలు ఏరడం కోసం వంగుతుంది, ఏరకుండానే లేస్తుంది. చర్చి టైము అవుతోందని కంగారు పడుతోంది అనుకున్నాను.

"ట్రాలీ వస్తది లేమ్మా, పదిన్నరకు అందుకుంటవు," అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. ఆ చూపు నాకు తెలుసు. కిటికీకి ఇవతల నిలబడ్డ ఆడవాళ్ల చూపు అది.

"అమ్మా, ఈయన ఇంక రాలే."

"ఎవరు?"

"మా ఆయన."

"బిళ్ల వచ్చింది గదా!"

"బిళ్ల వచ్చిందమ్మా. మనిషి రాలే."

కింద కూర్చుండిపోయాను. ఆమె నిలబడే చెప్పింది, గుక్క తిప్పుకోకుండా. నేను ఆ కుర్రాడి కాలు రుద్దుతున్నప్పుడు ఆమె భర్త జోడీ, బాయిలో అతని పక్కనే పనిచేసేవాడు, రెండు బిళ్లలు తెచ్చాడు. "వదినె, అన్నకు కాలు గుంజింది, మెల్లగ నడుసుకుంట వస్తుండు. తొమ్మిదయితే మెడల్ పోతదని బిళ్ల ఇచ్చి పంపిండు" అన్నాడట. ఆమె రెండూ తగిలించింది. బాయిలో దోస్తులు ఒకరికొకరు చేసే సాయమే అది. ఒక్క మలుపు వెనకే కదా ఉన్నాడు, అయిదు నిమిషాల్లో వస్తాడు, వచ్చాక ఎవరికి తెలుస్తుంది అనుకుంది.

"మీకు చెప్తే ఊడబీకుతరు," అంది. "అందుకే చెప్పలే. మూడు నెలలు ఉరికిండమ్మా, గా ఒక్క మెడల్ కోసం. నేనే అన్న, మెడల్ లేకుంటే ఇంటికి రాకు అని. నేనే అన్న."

ఊడబీకేదాన్నే. నిజం.

అప్పటికి అరగంట పైన అయింది. నా ఫోనులో సిగ్నలు లేదు. ఆమె చెప్పులు వదిలేసి రోడ్డు మీద గ్రౌండు వైపు పరుగెత్తింది, ఫోను చెవికి ఆనించుకుని. కొంతదూరం పోయాక ఎవరో పలికినట్టున్నారు, అక్కడే ఆగి అరుస్తోంది. ఆ అరుపు నాకు వినిపిస్తోంది, మాటలు వినబడటం లేదు. నేను పలక ముందు నిలబడ్డాను. నిండుగా ఉంది. ఎండలో నూట పద్దెనిమిది రేకు బిళ్లలూ తళతళలాడుతున్నాయి. నా భర్త పోయిన రోజున ఒక కొక్కెం ఖాళీగా ఉంది కాబట్టి పావుగంటలో మనుషులు కిందికి దిగారు. ప్రాణం దక్కలేదు, కానీ వెతికారు. ఇక్కడ పలక నిండుగా ఉండబట్టి వెతికేవాళ్లను నేనే పంపేశాను. అరవై మూడును కొక్కెం నుంచి తీసి చేతిలో పట్టుకున్నాను. కాలుతోంది.

ముందు పెద్దాయన, వెనక అంబులెన్సు, దాని వెనక రెండు ట్రాలీల నిండా మనుషులు. వెతకడానికి పోలీసులో ఫారెస్టువాళ్లో వస్తారనుకున్నాను. వచ్చింది వీళ్లు, పొద్దున పరుగెత్తినవాళ్లు. మెడలో మెడళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. కొందరి చేతుల్లో సగం తిన్న ఉప్మా ప్లేట్లున్నాయి. ట్రాలీ దిగడానికే ఒకరి భుజం ఒకరు పట్టుకుంటున్నారు, మోకాళ్లు వంగడం లేదు. ఆ జోడీ ఏడుస్తూ ముందుకొచ్చాడు. "రెండో మోరీ దాటినంక మైలురాయి కాడ కూసున్నడు. నేను ఉంట అన్న. నువ్వు పో, బిళ్ల పట్టుకపో అన్నడు. నవ్వుకుంటనే అన్నడు." మోరీ అంటే రోడ్డు కింద వాన నీళ్లు పోయే తూము. ఆ రోడ్డుకు అట్లాంటివి నాలుగున్నాయి.

అందరూ గేటు వైపు కదిలారు. నేను గేటుకు అడ్డం నిలబడ్డాను.

"బిళ్ల లేకుండా ఎవరూ లోపలికి పోవద్దు."

"ఏందమ్మా నువ్వు!" పెద్దాయన గొంతు నా మీద ఎన్నడూ అంత లేవలేదు. "మనిషి పోతుంటే ఇప్పుడు బిళ్లలేంది?"

"ఇంకొకడు పోకుండా. ఇయ్యాల పొద్దున్నుంచి ఉరికి ఉన్నరు వీళ్లంత. లోపల ఒక్కడు పడిపోతే ఎట్ల తెలుస్తది?"

ఆయన పళ్లు నూరాడు. కానీ ముందు చెయ్యి చాపింది ఆయనే, రాని ఒకరి బిళ్ల ఆయనకిచ్చాను. ఒక్కొక్కరే వచ్చి తమ నంబరు చెప్పారు. పలక మీద వరుసలు ఖాళీ అవుతుంటే చూశాను. పొద్దున కంటే ఇప్పుడు నా చేతులు వేగంగా కదిలాయి. నర్సు అమ్మాయి వెనకే భార్య అంబులెన్సులో ఎక్కింది. అరవై మూడు ఆమె చేతికిచ్చాను. "ఇది తగిలిచ్చేది ఆయనే," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆమె కొంగు చివర ముడి వేసుకుంది.

తర్వాత నేను ఒక్కదాన్నే. అడవిలోంచి పిలుపులు వినిపించాయి, దూరం దూరంగా. "అన్నా!" అని ఒకటి, "బావా!" అని ఒకటి, ఎండుటాకుల చప్పుడు. కాసేపటికి పిలుపులు కూడా అడవి లోతుకు పోయాయి. గేటు బయట ఆపిన ట్రాలీ కింద ఒక కుక్క వచ్చి పడుకుంది. పదిన్నర అయింది. పదిన్నరకు ఆరాధన మొదలవుతుందని గుర్తొచ్చి, ఆమె తెల్లచీర సంచి ఎండలో ఉంటే తీసి నీడలో పెట్టాను. దేవుణ్ని అడగడం నేను ఎప్పుడో మానేశాను. ఆ రోజు ఆమె దేవుణ్ని అడిగాను, నా దేవుణ్నీ అడిగాను. అరవై మూడు, అరవై మూడు అని మాత్రం అన్నాను.

అంబులెన్సు తిరిగి వచ్చింది. వెనక తలుపు తీస్తే ఆమె దిగింది, నర్సు అమ్మాయి దిగింది. లోపల ఎవరూ లేరు.

"మైలురాయి కాడ సీసా దొరికిందమ్మమ్మా, ఖాళీది," అంది నర్సు. "మనిషి లేడు. అటు ఇటు అర కిలోమీటరు జల్లెడ పట్టినం. నడుసుకుంట దారి తప్పిండేమో అని అందరు లోపలికి పోయిన్రు."

డ్రైవరు నీళ్ల డబ్బాలు నింపుకుని, అడవిలో ఇంకో కొసకు వెతుకుతున్నవాళ్ల దగ్గరికి బండి తిప్పుకుపోయాడు. వెళ్తూ, లోపల ఇద్దరు అప్పటికే కళ్లు తిరిగి కూర్చున్నారని చెప్పాడు. ఆమె మట్టిలో కూలబడింది. ఏడవడం లేదు. నోరు తెరిచి గాలి పీలుస్తోంది, అంతే. నేను పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. నా భర్త పోయిన రోజు నాకు ఎవరెవరో చెప్పిన ఓదార్పు మాటలన్నీ గుర్తున్నాయి, ఒక్కటీ పనిచేయలేదు కాబట్టి అవేవీ ఆమెకు చెప్పలేదు.

ఆమె కళ్లు ట్రాలీ కింద కుక్క మీద పడ్డాయి. అది పొట్ట నేలకానించి, నాలుక బయటపెట్టి రొప్పుతోంది. ఆమె దాన్నే చూస్తూ ఉంది.

"ఈయన గూడ గిట్లనే పంటడు," అంది, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "ఎండకాలం మంచం మీద పండడు. బండలు కడిగిచ్చి మంచం కింద దూరుతడు. బాయి లెక్క సల్లగుంటది అంటడు. పిల్లలు నవ్వుతరు..." అని ఆగి, గబుక్కున నర్సు చెయ్యి పట్టుకుంది. "మోరీ కింద చూసిన్రా?"

నర్సు తల అడ్డంగా ఊపింది. అందరూ రోడ్డు మీద నడిచారు, ఆకుల్లో వెతికారు, చెట్ల వెనక చూశారు. ఎవరూ రోడ్డు కిందికి వంగి చూడలేదు.

మిగతా బండ్లన్నీ లోపలే ఉన్నాయి. ఈ ట్రాలీ డ్రైవరు కూడా వెతకడానికి పోయాడు, తాళం చెవి అతని జేబులో. ఫోను పలకదు. రెండో మోరీ గేటు నుంచి మూడు కిలోమీటర్లు. నర్సు అమ్మాయి కింద కూర్చుని బూట్లు విప్పింది. ఎడమ కాలి బొటనవేలి గోరు సగం లేచి ఉంది. దాని మీద గుడ్డ బిగించి కట్టుకుని, బూటు మళ్లీ తొడిగి, లేచింది. లేవడానికి నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది.

"నీ కాలు చూడు బిడ్డా."

"చూడనమ్మమ్మా. చూస్తే ఉరకలేను."

"నా చీర తీస్కపో," అని ఆమె సంచిలోంచి తెల్లచీర లాగి, నీళ్ల డ్రమ్ములో ముంచి, పిండకుండానే ఆ పిల్ల మెడ చుట్టూ వేసింది. "ఉంటే గనక, మీద కప్పు."

ఆ అమ్మాయి పోయింది. మొదటి పది అడుగులు కుంటింది. ఆ తర్వాత కుంటుతూనే పరుగందుకుంది. తడి చీర కొస వెనక నేల మీద నీళ్లు కారుస్తూ పోయింది, మలుపు దాకా ఆ తడి చార కనిపించింది. పొద్దున నుంచి చూసిన నూట పద్దెనిమిది పరుగుల్లో నాకు ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపించేది అదొక్కటే. ఆమె, నేను, కుక్క మిగిలాం. ఆ చార ఎండలో ఆరిపోయేదాకా ఇద్దరం దాన్నే చూశాం.

ఎంతసేపో నేను రాయను. నాకు తెలుసు.

ముందు హారన్ వినిపించింది, ఆగకుండా. అంబులెన్సు గేటు దగ్గర ఆగింది, ఆమె ఎక్కడానికి. పెద్దాయన తలుపు తీసి, "ఉన్నడమ్మా, ఊపిరున్నది," అన్నాడు. ఆయన ముఖమంతా మట్టి, నర్సు కేక విని మోరీలోకి పాకి లాగింది ఆయనే. నేను లోపలికి చూశాను. ముందు పాదాలు కనిపించాయి, ఒక బూటు లేదు. తర్వాత తెల్లచీర. చివరికి ముఖం. నోటి పక్కన నురగ, కళ్లు సగం తెరిచి ఉన్నాయి, ఎవరినీ చూడటం లేదు. కనురెప్పల అంచుల్లో ఆ బొగ్గు నలుపు అట్లాగే ఉంది. నర్సు అతని చంకల్లో నీళ్లు పోస్తూ, పేరు పెట్టి గట్టిగా పిలుస్తోంది. భార్య ఎక్కింది. బండి పోయింది.

ముఖం చూశాను. కానీ పలక మీద అరవై మూడు తగిలించడానికి బిళ్ల ఆమె కొంగులో పోయింది.

మిగిలినవాళ్లు ఒక్కొక్కరే అడవిలోంచి బయటికి వచ్చారు. వరసలో నిలబడి, తలెత్తి నాకు ముఖం చూపించి, బిళ్ల ఇచ్చి పోయారు. ఆ జోడీ అందరికంటే ఆఖరున వచ్చాడు. బిళ్ల ఇస్తూ తల ఎత్తలేదు. నేను గడ్డం పట్టుకుని ఎత్తి చూశాను. అప్పుడే బిళ్ల తగిలించాను.

అతన్ని ఖమ్మం ఆస్పత్రికి తీసుకుపోయారు. ఎండదెబ్బకు ఒంట్లో కండ కరిగి, ఆ మలినం కిడ్నీలకు అడ్డం పడిందని డాక్టరు చెప్పాడు. మూడు వారాలు. అందులో మొదటి వారం అతను భార్యను గుర్తుపట్టలేదు. నేను రోజు విడిచి రోజు బస్సులో పోయి, వరండాలో ఆమె పక్కన కూర్చుని వచ్చేదాన్ని. ఆమె వేళ్ల మధ్య ఆ బిళ్ల తిరుగుతూ ఉండేది. ఒకరోజు డాక్టరు బయటికొచ్చి, రక్తం శుద్ధి చేస్తున్నా ఫలితం కనబడటం లేదు, రెండు రోజులు చూద్దాం అన్నాడు. ఆ రెండు రోజులు నేను ఇంటికి రాలేదు. ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నర్సు అమ్మాయి కట్టుకట్టిన కాలితో వచ్చి పోయేది. పరుగెత్తినవాళ్లు వంతులు వేసుకుని వచ్చి రక్తం ఇచ్చారు, టిఫిన్లు తెచ్చారు. అతని భార్య నన్ను ఒక్కసారి అడిగింది, "అమ్మా, నేను తగిలియ్యకపోతే గా బిళ్ల మీరు అడుగుదురు గదా?" అని. "అడుగుదును," అన్నాను. అబద్ధం చెప్పడానికి మనసు రాలేదు. ఆమె తల ఊపింది, నా చెయ్యి మాత్రం వదల్లేదు.

బతికాడు. బాయిలోకి దిగే మనిషిగా మాత్రం మిగల్లేదు. పైన స్టోరులో తేలిక పని ఇచ్చారు. మెట్లెక్కితే ఆయాసం. మెడల్ పెద్దాయన తెచ్చి ఇస్తే తీసుకోలేదు. "నేను గేటు దాటలే గదా సార్, నన్ను దాటిచ్చిన్రు," అన్నాడట.

ఆ పలక ఇప్పుడు మా ఇంట్లో గోడకు ఆనించి ఉంది. నూట పదిహేడు బిళ్లలున్నాయి. ఒకటి తక్కువ ఉన్న పలకను ఇంట్లో పెట్టుకోవడం నాలాంటిదానికి చిన్న విషయం కాదు. అడుగుదామని ఒకసారి వాళ్లింటికి పోయాను. తలుపు పక్కన గోడకు ఒక మేకు, దానికి వేలాడుతూ అరవై మూడు.

"ఏందిది?" అన్నాను.

"డాక్టరు రోజు నడువుమన్నడమ్మా," అంది ఆమె, పొయ్యి ముందు నుంచి లేవకుండానే. "పోయేటప్పుడు బిళ్ల తీసుకొని పోవాలె. వచ్చినంక తగిలియ్యాలె. ముఖం చూపిచ్చి. గట్లయితేనే అన్నం."

లోపల నుంచి అతని గొంతు వినిపించింది. "బాయిల ఒక అమ్మనుకుంటే, ఇంట్ల ఇంకో అమ్మ తయారైంది."

బిళ్ల అడగకుండానే వచ్చేశాను.

పొద్దున పాల ప్యాకెట్టుకు నేను వాళ్ల లైను మీదుగానే పోతాను. తలుపు తీసి ఉంటుంది, మేకు కనిపిస్తుంది. బిళ్ల ఉంటే నా దారిన నేను పోతాను. మొన్న లేదు. అందులో ఏముంది, నడకకు పోయాడు, వస్తాడు. అట్లా అనుకుని నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చాను. వాళ్లింటి ఎదురుగా కరెంటు స్తంభం పక్కన నిలబడ్డాను. ఎండ ఇంకా ఎక్కలేదు. ప్యాకెట్టు చల్లదనం పోయి చేతిలో మెత్తబడింది. వీధి చివర దాకా చూశాను, మలుపు దగ్గర ఎవరూ లేరు. మోకాళ్లు నొప్పి పెట్టాయి. అయినా కదల్లేదు.

కొంతసేపటికి మలుపు తిరిగి వచ్చాడు, మెల్లగా, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని. నన్ను చూసి నవ్వి, జేబులోంచి బిళ్ల తీసి ఎత్తి చూపించాడు.

నేను ముఖం చూశాను. చూశాకే కదిలాను.